రెండో అంతస్తు గొంతు

ఆదివారం నా విమానం. ఇరవై రెండేళ్ల కువైట్ ఖలాస్. ఆఖరి శుక్రవారం సెలవు దొరికితే ఎవరైనా బంగారు కొట్లకు పోతారు. నేను ఇప్పుడుంటున్న బ్నీద్ అల్ గార్ నుంచి ఎండలో నడుచుకుంటూ, కూల్చేస్తున్న పాత ఫ్లాట్లు చూడ్డానికి పోయాను. నా బుద్ధే అంత.

నిజానికి ఫ్లాట్ల కోసం కాదు. మొదటి ఏడేళ్లు అక్కడ నాలుగో అంతస్తులో ఒకింట్లో పనిచేశాను. రెండో అంతస్తులో కళావతి ఉండేది, రాజంపేట పిల్ల. ఆమె ఏమైందో తెలియకుండా ఊరికి పోవడానికి మనసొప్పలేదు.

అవి సర్కారు కట్టించిన ఇళ్లు. ఎవరో పరదేశపు ఇంజనీర్లు గీశారట. గొప్పా బీదా తేడా లేకుండా అందరికీ ఒకటే కొలత. చుట్టాలొచ్చినప్పుడల్లా మా సార్ ఆ మాట గర్వంగా చెప్పేవాడు. మంచి కాలమే అది. పిల్లలంతా ఒకే మెట్ల మీద ఆడుకునేవాళ్లు, ఒకింటి పలావు నాలుగిళ్లకు పోయేది. ఆ సమానత్వం పనిమనుషుల దాకా కూడా వచ్చింది. ప్రతి వంటింటికీ తలకన్నా ఎత్తులో ఒకే కొలత కిటికీ, గాలి కోసం వదిలిన ఇరుకు సందులోకి. మమ్మల్ని గడప దాటనిచ్చేవాళ్లు కాదు కాబట్టి ఆ సందులోనే మా ముచ్చట్లు.

"గంగక్కా, ఏం చేస్తాండావు?"

"నీ మాదిరి కూచోలేదులే, గిన్నెలు తోముతాండా."

ఆమె నవ్వితే సందంతా మోగేది.

ఇప్పుడు చుట్టూ రేకుల కంచె. సగం భవనం లేదు. ఆ సందు నిలువునా తెరుచుకుని, మా రెండు కిటికీలూ ఎండలో కనిపిస్తున్నాయి. ఎంత దగ్గర! రెండంతస్తుల మెట్లు దిగితే చాలు. ఏడేళ్లలో దిగలేకపోయాను. ఏడుపు ఆగలేదు.

ఒక మధ్యాహ్నం కళావతి మూడుసార్లు పిలిచింది. "గంగక్కా, నన్ను పంపించేస్తాండారు. ఉండావా?" మామా, అంటే మా యజమానురాలు, నా వెనకే నిలబడి ఉంది. ముందురోజే ఈ కబుర్లకు తిట్లు తిన్నాను. కొళాయి ఇంకా పెద్దగా తిప్పాను. మర్నాడు ఆ కిటికీలోంచి వేరే భాష వినిపించింది. ఇన్నేళ్లు ఇటువైపు రాలేదంటే సిగ్గుతోనే.

కాపలా మనిషి అన్వర్ బాషాది రాయచోటి. ఈ ఫ్లాట్లలోనే ముసలివాడయ్యాడు. నా మాట వినగానే నీళ్ల సీసా చేతికిచ్చాడు. కళావతి పేరు చెప్పి అడిగాను.

"పేర్లతో పని కాదు మా. పాస్‌పోర్టులో ఒగ పేరు, ఇంట్లో మామాలు పెట్టేది ఇంగొగటి. ఈడ పనిచేసినోళ్ల పెట్టెలన్నీ మోసింది నేనే, నాకు మొగాలు గుర్తు. సగం మంది ఇప్పుటికీ హవల్లీలో, రిగ్గైలో కనపడతాంటారు. ఎట్లుంటాదో చెప్పు, యాడుండాదో నేను చెప్తా."

నోరు తెరిచాను. ఆమె నవ్వు తెలుసు. జ్వరమొస్తే గొంతు ఎలా బొంగురుపోతుందో తెలుసు.

"నేనెప్పుడూ చూడలేదు నాయనా," అన్నాను.