వెంకటేశ్వర్లు అనుమానం

కాశిబుగ్గలో కిరాణా దుకాణం నడిపే వెంకటేశ్వర్లుకు ఆ సాయంత్రం మనసు చెడింది. నాలుగేళ్ళ మనవరాలు సింధు గల్లాపెట్టె పక్కన కూర్చుని, నిమ్మకాయను మెల్లగా బల్లకేసి కొడుతోంది. ఏం చేస్తున్నావని అడిగితే, "గుడ్డు పొట్టు తీస్తున్న తాతా" అంది.

మూడు తరాలుగా ఆ ఇంటి గడప లోపలికి గుడ్డు రాలేదు. పిల్ల ఇది ఎక్కడ నేర్చిందని కోడలు పద్మలతను అడిగాడు. టీవీలో చూసి ఉంటుందని చెప్పి ఆమె చప్పున వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ జవాబు ఆయనకు రుచించలేదు. సింధును తీసుకెళ్ళే ప్లేస్కూల్ ఆటో ఇంటిముందు ఆగడం చూసి కూడా చాలా రోజులైంది. కోడలు పిల్లను తీసుకుని మగ్గాల గల్లీలో పోతుంటే చూశానని పొరుగింటి నర్సయ్య అన్న మాట ఇప్పుడు ముల్లులా గుచ్చుకుంది.

మర్నాడు మధ్యాహ్నం పిల్లను తేవడానికి పద్మలత బయల్దేరగానే, దుకాణం కొడుక్కి అప్పగించి దూరందూరంగా వెంట నడిచాడు. ఆమె మగ్గాల గల్లీలోకి తిరిగి అంగన్‌వాడీ కేంద్రంలో అడుగుపెట్టింది. ఆయన బయటే ఆగాడు. తాను చేర్పించిన బడి మాన్పించి, కూలివాళ్ళ పిల్లల మధ్య కూర్చోబెట్టిందా? బజారులో తలెత్తుకుని తిరిగేదెట్లా?

కిటికీలోంచి తొంగిచూశాడు. సింధు పక్కనున్న పిల్లవాడికి గుడ్డు ఒలిచిపెడుతూ ఆగకుండా ఏదో కథ చెబుతోంది. ప్లేస్కూల్‌కు పోయినన్నాళ్ళూ నోరు విప్పని పిల్ల.

ఆయన లోపలికి రాగానే పద్మలత తల వంచుకుంది. "అబద్ధం చెప్పుడు తప్పే మామయ్యా. ఆ బడిల ఏడిస్తే పిల్లను ఒక్కదాన్నే అర్రల పెట్టి తలుపేసిన్రు. నిద్రల ఉలిక్కిపడేది. చెప్తే మీరు నమ్మరనుకున్న."

అయినా ఆయన అనుమానం తీరలేదు. టీచర్ స్నేహలతను గుచ్చిగుచ్చి అడిగాడు. గుడ్డు వద్దని తల్లి మొదటిరోజే చెప్పడంతో సింధుకు పెట్టడంలేదని, తోటిపిల్లలకు ఒలిచివ్వడం ఆ పిల్లకు సరదా అని టీచర్ చెప్పింది. బియ్యం అరచేతిలో పోసుకుని చూశాడు, పప్పు వాసన చూశాడు. రెండూ బాగానే ఉన్నాయి. వెనక మరుగుదొడ్డి తలుపు మాత్రం ఊడి గోడకు ఆనించి ఉంది. దొంగను పట్టుకున్నట్టు, ఇదేమిటని నిలదీశాడు.

"ఎన్నిసార్లు చెప్పినా ఎవలూ వస్తలేరు సార్" అంది స్నేహలత. "ఈడికొచ్చే పిల్లల తల్లులు పొద్దుగాలనే కూలికి పోతరు. ఆఫీసులల్ల తిరిగి అడిగేటోళ్ళు లేరు. అడగగలిగినోళ్ళు పిల్లలను పంపరు."

మనలో చాలామందిలాగే ఆయన కూడా అంగన్‌వాడీ బియ్యంలో పురుగులుంటాయని ఎందరితోనో అన్నాడు. ఒక్కనాడూ వచ్చి చూడలేదు.

ఆ తర్వాత ఆఫీసు చుట్టూ తిరిగింది ఆయనే. విసిగించి విసిగించి తలుపు పెట్టించాడు. సింధు అక్కడే చదువుతోంది. వీలైనప్పుడల్లా ముందు చెప్పకుండా వెళ్ళి బియ్యం చూసే అలవాటు మాత్రం ఆయన మానలేదు. మనవణ్ణి చేర్పిద్దామనుకుంటున్నానని, ఆ కేంద్రాన్ని నమ్మవచ్చా అని నర్సయ్య ఒకరోజు దుకాణం ముందు అడిగాడు.

"నమ్ముమని నేను చెప్తలేను నర్సయ్యా. నాకు ఇప్పటికీ అనుమానమే. ఆ అనుమానంతోనే లోపటికి రా, చూడు, అడుగు. మనం బయట నిలబడి మంచిగ లేదనుకుంట పోయినన్ని దినాలు, మన పిల్లల బడి బాగుపడదు."