ఇంటి దుబాసీ

"మీ అమ్మ ఏమంటోంది?" అని అత్తగారు అడిగేసరికి ఆమె సింకు దగ్గర, ఏడో నెల పొట్ట గట్టుకు తగలకుండా ఒక పక్కకు తిరిగి నిలబడి టీ కప్పులు కడుగుతోంది. తల్లి అన్న మాట ఇది: "ఈవిడ వండిన కూరకి ఉప్పూ లేదు, ఊసూ లేదు. వాళ్ళు మనుషులా, మేకలా?" ఆమె చెయ్యి తుడుచుకుని అత్తగారి భాషలోకి మారి, "మీ వంట చాలా తేలిగ్గా ఉందట అత్తయ్యా, పొట్టకి హాయిగా ఉందంటోంది" అంది.

అత్తగారు మురిసిపోయింది. "చూశావా, ఆవిడకి రుచి తెలుసు. నీకే ఎందుకో ఆ గుణం రాలేదు."

"ఏమంటుందే వదినగారు?" అని తల్లి అడిగింది.

"నువ్వు తెలివైనదానివట అమ్మా" అని చెప్పి ఆమె మళ్ళీ కప్పులవైపు తిరిగింది.

పురుడు పోయడానికని తల్లి దేశం దాటి వచ్చి పన్నెండు రోజులైంది. కింది అంతస్తులో ఉండే అత్తగారు ఆ పన్నెండు రోజులూ పొద్దున్నే పైకి వచ్చి, వియ్యపురాలితో కబుర్లు పెట్టుకుంటోంది. ఆవిడ భాష ఈవిడకి రాదు, ఈవిడ భాష ఆవిడకి రాదు. మధ్యలో ఉన్నది ఆమె. ఇటు మాట అటు వెళ్ళేలోపు దాని ముల్లు తీసి, తొక్క ఒలిచి, ముక్కలు కోసి పళ్ళెంలో పెట్టడం ఆమె పని. అత్తగారు కొడుకు చిన్నప్పటి ఫోటో తెచ్చి చూపించి మురిసిపోతే, తల్లి తాపీగా "కాకి పిల్ల కాకికి ముద్దు" అంది. ఆమె దాన్ని "ముద్దుగా ఉన్నాడంటోంది" అని అందించింది. అందులో ముద్దు ఉంది, కాకి లేదు. అలా ఈ పన్నెండు రోజుల్లో ఆమె ఇద్దరు కొత్త ఆడవాళ్ళను తయారుచేసింది. ఇద్దరూ మహా సాధువులు, ఒకరంటే ఒకరికి ప్రాణం. చిక్కల్లా ఒక్కటే, ఇద్దరూ ఈ లోకంలో లేరు. లేనివాళ్ళిద్దరినీ రోజంతా మోసుకు తిరిగేసరికి, కడుపులో ఉన్న ఒక్కదాన్ని మోయడం ఆమెకి తేలికైన పనిలా అనిపించేది.

కడుపులోని దాని పేరు బఠానీ. మొదటి స్కాన్‌లో అంతే ఉందని మొగుడు పెట్టిన పేరు. అతను లిఫ్టులు బాగుచేస్తాడు. ఆమె పనిచేసే ఆస్పత్రి లిఫ్టులోనే ఆమె ఒకరోజు నలభై నిమిషాలు ఇరుక్కుపోతే, పైనుంచి తొంగిచూసి ధైర్యం చెప్పి, కిందికి దింపి, ఆ వారమే కాఫీకి పిలిచాడు. మంచివాడే. సాయంత్రం ఆమె కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని నొక్కుతాడు. కానీ నాలుగేళ్ళ కాపురంలో ఆమె భాషలో అతను నేర్చుకున్నవి మూడు మాటలు: ఆకలి, పద, బంగారం. ఆ మూడింటితో సంసారం ఈదేయొచ్చని అతని నమ్మకం. అతని భాష మాత్రం ఆమె బస్సు బోర్డులు చదివి, కూరగాయలవాడు నవ్వితే తానూ నవ్వేసి, కోడలి ఉచ్చారణను అత్తగారు నలుగురిలో అభినయించి చూపిస్తుంటే తల వంచుకుని నేర్చుకుంది. "నీకు భాషలు ఇట్టే వచ్చేస్తాయిలే, పుట్టుకతో వచ్చిన విద్య" అంటాడు అతను. చెమటోడ్చి నేర్చుకున్నదాన్ని పుట్టుకకి అంటగడితే ఇక మెచ్చుకోవలసిన పని లేదు కదా.

ఆస్పత్రిలోనూ అదే వరస. ఆమె ఉద్యోగం రక్త పరీక్షల గదిలో. కానీ ఆమె దేశం మనిషి ఏ వార్డులోకి వచ్చినా హెడ్ సిస్టర్ దగ్గర్నుంచి ఫోను వస్తుంది: "ఒకసారి వచ్చి చెప్పి పో. రెండు నిమిషాల పని." ఆ రెండు నిమిషాలు ముప్పావుగంటై, ఆమె తిరిగి వచ్చేసరికి నమూనాల గొట్టాలు వరసకట్టి ఎదురుచూస్తుంటాయి.

ఆ శనివారం పిలిచింది ఒక ముసలావిడ కోసం. మంచం మీద కాళ్ళు వేలాడేసి కూర్చుంది, కుడికాలికి కట్టు. డాక్టరు కట్టు విప్పి చూసి, ఆమెవైపు తిరిగి గడగడా చెప్పాడు: "మందులు మానేసి తిరిగి, ఇప్పుడొచ్చి కూర్చుంటే నేనేం చెయ్యను? షుగరు ఇలాగే ఉంటే వేలు తీసెయ్యాల్సొస్తుంది. ఈ వయసులో వీళ్ళకి చెప్పడం కూడా దండగ."

"మందులు సరిగ్గా వేసుకోమంటున్నారు పెద్దమ్మా" అంది ఆమె.

ముసలావిడ ఆమెను కింద నుంచి పైదాకా చూసింది. "అమ్మాయీ, ఆయన అంతసేపు మాట్లాడాడు. నువ్వు మూడు ముక్కలు చెప్పావు. మిగతావి ఎక్కడ దాచావు?"

"అదే పెద్దమ్మా, అంతే."

"అంతే అయితే ఆయన నా కాలు చూసి ఎందుకు తల తిప్పాడు? నువ్వు నా మొహం ఎందుకు చూడలేకపోతున్నావు? నా ఒంటి గురించి అన్న మాట నాది. తిట్టయినా సరే, నాది నాకియ్యి."

ఆమెకి చెవులు వేడెక్కాయి. ఎదుటి మనిషి నొచ్చుకోకూడదని తీపి పూసి, ఆ మనిషికి తన వేలు ఊడిపోతుందన్న సంగతే దాచేసింది. అది దయ అనుకుంది ఇన్నాళ్ళూ. ఈసారి ముక్క వదలకుండా మొత్తం చెప్పింది, చివరి దండగతో సహా. ముసలావిడ విని తలాడించి, "ఇప్పుడాయనతో చెప్పు. దండగైంది నా వయసు కాదు, మనిషితో మాట్లాడ్డం నేర్పని ఆయన చదువు అని" అంది. ఆమె అదీ ముక్క వదలకుండా చెప్పింది. డాక్టరు కాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి కుర్చీ దగ్గరకు లాక్కుని, కాగితం మీద సూర్యుణ్ణీ చంద్రుణ్ణీ గీసి, ఏ మాత్ర ఎప్పుడో ముసలావిడకే నిదానంగా చూపించడం మొదలుపెట్టాడు.

బయట హెడ్ సిస్టర్ ఎదురొచ్చింది. "రెండు నిమిషాల పనికి ఇంతసేపా?"

"సోమవారం నుంచి ఇది నా డ్యూటీ చార్టులో రాయండి సిస్టర్. రాయడానికీ రెండు నిమిషాలే పడుతుంది. రాయకపోతే ఇంకెవరినైనా చూసుకోండి" అంది ఆమె. తన గొంతు అంత మామూలుగా ఉన్నందుకు తనే ఆశ్చర్యపోయింది.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం భోజనానికి ఆడపడుచు వచ్చింది. చిన్నపిల్లల బడిలో టీచరు, అందరినీ బెంచీ మీద కూర్చున్నవాళ్ళలాగే చూస్తుంది. బఠానీకి రెండు గౌన్లు, ఒక టోపీ తెచ్చింది. అందరూ టేబుల్ చుట్టూ కూర్చున్నాక గొంతు సవరించుకుంది.

"ఒక సంగతి ముందే అనుకుంటే మంచిది. రెండు భాషలు వింటే పిల్లలు తికమకపడతారు, మాటలు ఆలస్యమవుతాయి. పుట్టినప్పటినుంచి ఇంట్లో మన భాష ఒక్కటే ఉండాలి."

ఆమెకి ఇది నిజం కాదని తెలుసు. ఆస్పత్రిలో పిల్లల డాక్టరును అడిగి మరీ తెలుసుకుంది. మొగుడు ఏమంటాడా అని చూసింది. అతను నీళ్ళు తాగి, గ్లాసు పెట్టి, నచ్చజెప్పే గొంతుతో, "అక్క చెప్పేదీ సబబే కదా. ముందు మన భాష రానీ. నీది తర్వాత, సెలవుల్లో ఎప్పుడైనా నేర్చుకోవచ్చు" అన్నాడు. మన భాష, నీది. ఒకే మంచం, ఒకే అద్దె ఇల్లు, ఒకే బఠానీ, ఇంతలో ఈ గోడ ఎప్పుడు కట్టారో ఆమెకి తెలియదు.

"మీ అమ్మకి కూడా చెప్పెయ్యి. నొచ్చుకోకుండా, మంచిగా" అంది అత్తగారు.

తల్లి ముద్ద ఆపి ఆమె మొహంలోకి చూస్తోంది. ఎప్పటిలాగే ఒక తీపి మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె దాన్ని మింగేసింది. "అమ్మా, బిడ్డ ఈ ఇంట్లో మన భాష వినకూడదట. వింటే మాటలు రావట. నీకు మంచిగా చెప్పమన్నారు. నేను ఉన్నదున్నట్టు చెప్తున్నాను" అంది.

తల్లి చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుంది. "ఏడు నెలలుగా నీ గొంతు వింటూ పెరుగుతోందది. ఇప్పుడు పుట్టగానే చెవులు మూసుకోమంటారా? వదినగారితో చెప్పు, ఆవిడ కూరలాగే ఉంది ఈ ఆలోచన కూడా."

ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. ఆడపడుచు చేతిలో చెంచా కింద పడింది. అత్తగారు కళ్ళు చిట్లించి, "నా కూర తేలికగా ఉందని కదా అంది?" అని అడిగింది.

"ఉప్పూ లేదు, ఊసూ లేదు అంది. తేలిక అన్నది నేను."

"మరి ఫోటో చూసి?"

"కాకి పిల్ల కాకికి ముద్దు అంది."

ఉన్నట్టుండి అత్తగారి భుజాలు కదిలాయి. నవ్వుతోంది. "మేము గుడ్లగూబ అంటాం. గుడ్లగూబకి దాని పిల్లే అందం. నిజమేగా, వీడి చెవులు చూశారా ఆ ఫోటోలో?" అంది. ఆమె గుడ్లగూబను తల్లికి చేరవేసింది. తల్లి పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. కానీ అత్తగారు నవ్వాపి, తల్లివైపే చూస్తూ, మెల్లగా అంది: "నా నెత్తిమీది అంతస్తులో నా మనవరాలు నాకు తెలియని మాటల్లో నవ్వుతుంటే, కింద నేను పరాయిదాన్నైపోతాను. అదీ నా భయం. అది కూడా చెప్పు."

ఆమె చెప్పింది. తల్లి టేబుల్ గుడ్డ అంచు సవరిస్తూ, "ఆ భయం నాకు తెలియనిదా. వచ్చిన దగ్గర్నుంచి ఈ బల్ల దగ్గర నేను తింటున్నది అదే" అంది. ఆ మాటకి తొక్క ఒలవవలసిన అవసరం లేకపోయింది. అత్తగారు విని, కూరగిన్నె పక్కనున్న ఉప్పు డబ్బాను వియ్యపురాలి ముందుకు జరిపింది.

ఆడపడుచు పనుందంటూ టోపీ అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. ఆమె పడకగదిలోకి వెళ్ళింది. మొగుడు వెనకే వచ్చాడు. "అంటే ఇన్నాళ్ళూ నువ్వు మాకు అబద్ధాలు చెప్తున్నావా?"

"అవును. నాలుగేళ్ళుగా, ఫోన్లలో కూడా. మీ అమ్మ నా గురించి అన్నవి మా అమ్మకి చేరనివ్వలేదు. మా అమ్మ నీ గురించి అన్నవి నీకు చేరనివ్వలేదు. మీరంతా మంచివాళ్ళుగా ఉండడానికి నేను అబద్ధాలకోరుని అయ్యాను. ఇంక కాను."

"మరి బఠానీ?"

"నాతో నా భాష మాట్లాడుతుంది. నీతో నీది. మేమిద్దరం ఏం చెప్పుకుని నవ్వుకుంటున్నామో తెలియాలంటే నువ్వు నేర్చుకోవాలి. రెండు నెలలుంది."

అతను మంచం అంచున కూర్చున్నాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. కోపం కాదు అది. "సరే. నేర్చుకుంటా. ఇవాళే మొదలుపెట్టు, నువ్వే నేర్పు."

ఎంత ముద్దుగా అడిగాడు. ఎంత తేలిగ్గా ఇంకో పని తెచ్చి ఒళ్ళో పెట్టాడు.

"నేను నేర్పను" అంది. "నాకెవరూ నేర్పలేదు. బయట మా అమ్మ ఖాళీగా కూర్చుంది. వెళ్ళి అడుగు."

అతను తల గోక్కుని, కాసేపు తచ్చాడి, వెళ్ళాడు. ఆమె తలుపు ఓరగా వేసి ఎడమపక్కకి తిరిగి పడుకుంది. బయట కుర్చీ జరిగిన చప్పుడైంది. దేన్నో వేలితో చూపిస్తున్నట్టున్నాడు. తల్లి నిదానంగా, పసిపిల్లలకు చెప్పినట్టు, "కిటికీ" అంది. అతను "కిక్కిటీ" అన్నాడు. తల్లి మళ్ళీ చెప్పింది. ఈసారి వంటింట్లోంచి అత్తగారు "కిటికీ" అని స్పష్టంగా అంది. అతను పట్టువదలకుండా "కిక్కిటీ" అన్నాడు.

ఆమె పెదవులదాకా వచ్చింది సరైన మాట. కళ్ళు మూసుకుంది. దిద్దలేదు.