ఒక స్టాపు దాటి దిగే మనిషి

ఇలేనియా అన్నిటికన్నా ఎక్కువ భయపడేది చావుకు కాదు. ఇంట్లోంచి వెళ్ళిన మనిషి ఎటు వెళ్ళాడో ఎవరికీ తెలియకపోవడం, అదీ ఆమె భయం. పోయినవాళ్ళకు సమాధి అంటూ ఒకటుంటుంది, పువ్వులు పెట్టుకోవచ్చు. ఎటు పోయాడో తెలియని మనిషి కోసం ఏ కిటికీ దగ్గర నిలబడాలి? పాప పుట్టాక ఈ భయం మరీ ముదిరింది. నిద్రపోతున్న పాప ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునేది. మొగుడు దేవిస్ కింద పట్నంలో నేల పలకల ఫ్యాక్టరీ నుంచి కారులో వస్తుంటే మలుపు మలుపుకీ ఫోను చేయమనేది.

"మలుపులో ఫోను చేస్తేనే లోయలో పడతానే," అని అతను నవ్వేవాడు.

ఫోను జేబులో పెట్టుకోవడానికి కూడా ఒప్పుకోని మనిషి ఆ ఇంట్లో ఇంకొకాయన ఉన్నాడు. మామగారు, ఒత్తొరీనో. అక్టోబరు వచ్చి నాలుగు చినుకులు పడ్డాయంటే చాలు, పేము బుట్ట చంకనేసుకుని పుట్టగొడుగుల కోసం తొలి బస్సులో కొండెక్కేవాడు. ఇంట్లో కారు లేక కాదు. రోడ్డు పక్కన ఆగిన కారు చాడీలు చెబుతుందని ఆ కొండల్లో చంటిపిల్లకి కూడా తెలుసు. ఫలానావాడి కారు ఫలానా మలుపులో ఉందని ఒక్కడు చూశాడా, మర్నాటికి ఊరంతా అక్కడ బుట్టలతో దిగుతుంది. బస్సు అలా కాదు. దింపేసి తన దారిన తను పోతుంది. ఆ మాత్రం కూడా నమ్మక, ఒత్తొరీనో దిగాల్సిన చోటు దాటి ఇంకో స్టాపు ముందుకెళ్ళి దిగేవాడు. చేతికర్ర పట్టుకుని, కొండదారుల్లో నడవడానికొచ్చిన పట్నం వాళ్ళలాగా, రాళ్ళ మీద ఎర్రగా తెల్లగా వేసిన దారి గుర్తులు చూసుకుంటూ వెనక్కి నడిచొచ్చేవాడు. ఊళ్ళో కాఫీ కొట్టులో మాత్రం, "ఇవాళ శిలువ కనుమ వైపు పోతున్నా," అని అందరికీ వినబడేలా చెప్పేవాడు. అటు పోడని అందరికీ తెలుసు. వాళ్ళూ అలాగే చెబుతారు.

పుట్టగొడుగులు మొలిచే చోటును ఆ మనుషులు ఉత్తినే 'చోటు' అంటారు. పొలం కన్నా, ఇల్లు కన్నా గుట్టుగా కాచుకునేది దాన్నే. తండ్రి పోయేముందు కొడుకు చెవిలో చెబుతాడు, అదీ కొడుకు బుద్ధిమంతుడైతే. ఒత్తొరీనో దేవిస్‌కి ఇంకా చెప్పలేదు.

ఆ రోజు పొద్దున కిటికీ బయట పొగమంచు గోడలా నిలబడి ఉంది. ఆయన బూట్ల తాళ్ళు బిగించుకుంటుంటే ఇలేనియా పాపను భుజానేసుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మామయ్యా, తుంటి ఎముక మార్చి ఏడాది కూడా కాలేదు. ఎక్కడికి పోతారో నాకొక్కదానికి చెప్పండి. దేవిస్‌కి కూడా చెప్పను."

"మీ అత్త నాతో నలభై ఏళ్ళు కాపురం చేసింది. ఆవిడకే చెప్పలేదు."

"అత్తయ్య అడగలేదేమో."

"అడక్కేం? అడిగినప్పుడల్లా ఒక కొత్త చోటు చెప్పేవాణ్ణి. పాపం, వెళ్ళి వెతుక్కుని వచ్చేది కూడా."

"నేను వెతకను. తెలిస్తే చాలు."

"మీ అమ్మది కాఫీ కొట్టు. నువ్వు బడి మానేసి పెరిగింది అందులోనే. నీ నోట్లో నువ్వుగింజ నానుతుందా? నీకు చెప్పడమూ చర్చి గంట కొట్టడమూ ఒకటే." ఆయన పాప బుగ్గ మీద వేలితో తట్టాడు. "దీనికి పదేళ్ళు రానీ. చెయ్యి పట్టుకుని నేనే తీసుకెళ్ళి చూపిస్తా."

"ఈలోగా మీరే అక్కడ పడిపోతే?"

"పుట్టగొడుగుల పక్కన పడతాను. మీ అమ్మ కొట్టులో సావాసం కన్నా నయం."

మధ్యాహ్నం బస్సులో ఆయన రాలేదు.

ఇలేనియా పాపను గుడ్డతో గుండెకు కట్టుకుని స్టాపులోనే నిలబడి ఉంది. దిగినవాళ్ళందరి మొహాలూ చూసి, డ్రైవరు లోరెదాన దగ్గరికి వెళ్ళింది.

"అక్కా, పొద్దున మామయ్యను ఎక్కడ దించావు?"

లోరెదాన అద్దంలోకి చూసింది, ఆమె వైపు కాదు. "అమ్మాయ్, ఈ సీట్లో కూర్చున్నదాన్ని ఆ మాట అడక్కూడదు. ఒకరి చోటు చెప్పానంటే ముసలాళ్ళెవరూ నా బస్సెక్కరు."

"నేనేం పుట్టగొడుగుల కోసం అడుగుతున్నానా?"

"అందరూ అలాగే మొదలుపెడతారు. మంచు పట్టింది కదా, మెల్లగా వస్తున్నాడేమో. నేను కిందికెళ్ళి మళ్ళీ పైకి వస్తాను. అప్పటికీ రాకపోతే అడుగు."

ఇలేనియా పరుగులాంటి నడకతో అమ్మ కొట్టుకు వెళ్ళింది. పేకాట ఆగింది.

"ఏ వైపన్నాడు?" అని అడిగాడొకడు.

"శిలువ కనుమ," అంది ఆమె తల్లి, కాఫీ యంత్రం వెనక నుంచి.

"అయితే అక్కడ లేడు."

"లేడనుకుంటామని తెలిసి నిజంగా అక్కడికే పోయాడేమో."

"వాడికంత బుర్రే ఉంటే పేకాటలో రోజూ నా చేతిలో ఓడతాడా?"

కొండల్లో తప్పిపోయినవాళ్ళను వెతికే దళానికి ఫోను చేశారు. అవతలివాళ్ళు అడిగిన మొదటి మాట, ఏ వైపు అని. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. చివరికి, ఏదో ఒకటి చెయ్యాలి గనక, శిలువ కనుమ అనే చెప్పారు. నలుగురు లేచి కారులో అటే పోయారు. మనిషి లేడని అందరికీ తెలిసిన చోటికి.

మూల బల్ల దగ్గర నెల్లో అనే ముసలాయన మాత్రం కదల్లేదు. పెళ్ళాం పోయాక ఒంటరిగా బతుకుతున్న మనిషి. కప్పులో చెంచాతో తిప్పుతూనే ఉన్నాడు. చిన్నప్పటి నుంచి ఆయనకు కాఫీ అందించింది ఇలేనియానే. ఆయన చక్కెర వేసుకోడు, తిప్పాల్సిన పనే లేదు.

ఆమె వెళ్ళి ఎదురుగా నిలబడింది. "నెల్లో బాబాయ్, మీకు తెలుసు."

"నాకేం తెలుసు? మీ మామా నేనూ మాట్లాడుకుని ఇరవై ఏళ్ళయింది." చెంచా కింద పెట్టి, టోపీ తగిలించుకుని, తలుపు తోసుకుని పోయాడు.

ఇలేనియాకు చెంప మీద కొట్టినట్టయింది. పైకెళ్ళే బస్సు వచ్చేసరికి మళ్ళీ స్టాపులో ఉంది. ఎక్కి, ఈసారి బతిమాలకుండా, కమ్మీ పట్టుకుని డ్రైవరు పక్కనే నిలబడింది. "చెప్పేదాకా దిగను, అక్కా. పాపకు పాలు కూడా ఇక్కడే ఇస్తా."

లోరెదాన నోరు తెరిచేలోపే వెనక సీటు నుంచి దగ్గు వినబడింది. నెల్లో. కొట్టులోంచి వెళ్ళి, కింది స్టాపుకు నడిచి, అక్కడే ఎక్కి కూర్చున్నాడు.

"అక్కడ అందరూ ఉన్నారు. నోరు రాలేదు," అన్నాడు కిటికీలోకి చూస్తూ. "పాత బొగ్గుబట్టీ దగ్గర దిగుతాడు. వెనక్కి నడుస్తాడు. బట్టీ కింద వాగు ఉంది, అది వాడి చోటు."

"మీకెలా తెలుసు?"

"వాగు పైన మిట్ట నాది గనక. వాడు తొలి బస్సు, నేను మలి బస్సు. ఎప్పుడైనా ఎదురుపడితే ఇద్దరం మబ్బులకేసి చూసేవాళ్ళం. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లులం, రెండూ రెండే. ఇవాళ మంచని నేను పోలేదు."

బొగ్గుబట్టీ స్టాపు ఇంకా రాకముందే, దారి కిందికి చీలే చోట లోరెదాన బస్సు ఆపి తలుపు తీసింది.

"ఇక్కడ స్టాపు లేదుగా," అన్నాడు నెల్లో.

"నాకు తెలుసు. దిగండి."

చెస్ట్‌నట్ చెట్ల మధ్య పదడుగుల దూరం కూడా కనబడటం లేదు. తడి ఆకులు కాళ్ళ కింద జారుతున్నాయి. ఇలేనియా ఒక చెయ్యి పాప తల మీద, ఒక చెయ్యి నెల్లో భుజం మీద వేసి నడిచింది. దారిలో ఇద్దరు ఆడపిల్లలు ఎదురొచ్చారు. వీపున సంచులు, చేతుల్లో కర్రలు, కిందికెళ్ళే బస్సు అందుకోవాలని గబగబా ఎక్కుతున్నారు.

"ఎవరైనా పెద్దాయన కనబడ్డాడామ్మా? బుట్టతో?"

"లేదండీ. కింద వాగు దగ్గర చాలాసేపు కూర్చున్నాం. రొట్టె తిన్నాం, పాటలు కూడా పాడుకున్నాం. ఎవరూ లేరు."

ఆ వాగే ఆయన చోటు. అంతసేపు అక్కడ మనుషులుంటే, ప్రాణమున్న మనిషి పిలవడా? నెల్లో కూడా అదే అనుకున్నాడు కాబోలు, శవం వెనక నడిచేవాడిలా టోపీ తీసి చేత్తో పట్టుకుని నడిచాడు. ఆ టోపీ చూస్తే ఇలేనియాకు కోపమొచ్చింది.

వాగు చప్పుడు వినబడేచోట పాప ఏడుపు అందుకుంది. ఆకలి ఏడుపు, అడవంతా మోగింది.

"ఈ మంచులోకి పిల్లను తెచ్చేవాళ్ళుంటారా," అంది ఒక గొంతు, కింద నుంచి, చిరాగ్గా.

వాగు గట్టు కింద, ఆకుల గుబురులో, చెట్టు మొదలుకు వీపు ఆనించి ఒత్తొరీనో కూర్చుని ఉన్నాడు. ఒక కాలు పక్కకు తిరిగి ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. ఒళ్ళో బుట్ట, బుట్ట మీద ఆకులు కప్పి ఉన్నాయి.

ఇలేనియా తన కోటు విప్పి ఆయన మీద కప్పింది. చేతులు పట్టుకుని రుద్దింది. అవి రాయిలా ఉన్నాయి. గట్టు మీద కూర్చున్న ఆడపిల్లల రొట్టె తునకలు ఇంకా రాతి మీదే ఉన్నాయి. ఆ రాతికీ ఈ చెట్టుకూ మధ్య ఒక వాకిలంత దూరం.

"మామయ్యా, ఆ పిల్లలు ఇక్కడే కూర్చున్నారట."

"ఊఁ. చిన్నదాని గొంతు బాగుంది."

"వినబడింది కదా. ఎందుకు పిలవలేదు?"

ఆయన బుట్టకేసి చూసుకున్నాడు. "పిలిస్తే వచ్చేవాళ్ళు."

"రావడానికే కదా పిలిచేది."

"వచ్చి చూసేవాళ్ళు. ఫోటోలు తీసి లోకమంతా పంచేవాళ్ళు." తప్పు చేసిన పిల్లాడి గొంతు కాదది. సంగతి ఇంతేనని చెప్పే గొంతు. "ఇంకొకళ్ళెవరైనా రాకపోతారా అనుకున్నా. తరువాత చలికి నోరు తిరగలేదు. నిద్రొచ్చింది."

ఆమెకు ఏడవాలో తిట్టాలో తెలియలేదు. ఇన్నాళ్ళూ తను అడిగింది ఈయన చోటు చెప్పమని. కానీ చోటు తెలిసినా సరిపోయేది కాదు. ఈ మనిషి తనంతట తానే కనబడకుండా దాక్కున్నాడు. వాకిలంత దూరంలో మనుషులుండగా, చావు వస్తే రానీ అని నోరు మూసుకుని కూర్చున్నాడు. నలభై ఏళ్ళు భార్యకు చెప్పని నోరు, ప్రాణం మీదికొస్తే మాత్రం ఎలా తెరుచుకుంటుంది?

ఒత్తొరీనో అప్పుడు చూశాడు వెనకున్న మనిషిని. "వీణ్ణెందుకు తెచ్చావు?"

"నన్నెవరూ తేలేదు," అన్నాడు నెల్లో. "నీ బోడి చోటు నాకు ఇరవై ఏళ్ళుగా తెలుసు."

"తెలిసీ ఒక్కటి కూడా కొయ్యలేదా?"

"కొయ్యలేదు."

ఒత్తొరీనో బుట్ట మీది ఆకులు తీసి, దాన్ని నెల్లో వైపు జరిపాడు. నెల్లో దాన్ని ముట్టుకోలేదు. వాగులో ఫోను పలకదని, తన మిట్ట మీదికి ఎక్కాడు. పొగమంచులోంచి ఆయన గొంతు అడవంతటికీ వినబడింది. "పాత బొగ్గుబట్టీ కింద వాగు. అవును, అదే. పైన మిట్ట మీద నేను నిలబడి ఉంటా. అందరినీ ఇటే రమ్మనండి."

అందరూ వచ్చారు. దళంవాళ్ళు, కాఫీ కొట్టువాళ్ళు, శిలువ కనుమ నుంచి తిరిగొచ్చిన నలుగురు. స్ట్రెచర్ మీద ఒత్తొరీనోను పడుకోబెట్టి మిట్ట మీదుగా మోసుకెళ్తుంటే, ఊరివాళ్ళ కళ్ళు దారి మీద లేవు, నేల మీదున్నాయి. ఆ ఆదివారానికి పాత బొగ్గుబట్టీ దగ్గర రోడ్డుకు రెండు పక్కలా కార్లు.

ఒత్తొరీనో బతికాడు. ఇక మెట్లెక్కలేడు. అందుకని చలికాలం రాకముందే వాళ్ళంతా కిందికి, ఫ్యాక్టరీ దగ్గర నేలంతస్తు ఇంట్లోకి మారారు. వెళ్ళేముందు ఇలేనియా నెల్లో ఇంటికెళ్ళి అడిగింది, ఇప్పుడు ఎటు పోతున్నారు బాబాయ్ అని. కొత్త చోటు వెతుక్కున్నాడని లోరెదాన మొహం చూస్తేనే తెలిసింది.

"శిలువ కనుమ," అన్నాడు నెల్లో.

ఊళ్ళో తన తల్లికి చెప్పింది నెల్లోను కాస్త కనిపెట్టమని. "వాడు ఎప్పుడొస్తాడో వాడికే తెలియదు," అందావిడ. కొట్టులోంచి స్టాపు కనబడదు కూడా.

మీలో ఎవరైనా అక్టోబరులో ఆ నీలం బస్సెక్కి ఆ కొండదారుల్లో నడవడానికి వెళ్తే, వెనక సీటులో, కాళ్ళ మధ్య బుట్ట పెట్టుకుని ఒక ముసలాయన కనబడతాడు. ఎక్కడ దిగుతాడో చూసి పెట్టుకోండి. ఎవరికీ చెప్పకండి. మధ్యాహ్నం బస్సులో ఆయన లేకపోతే మాత్రం, ఆ స్టాపు నుంచి కొంచెం వెనక్కి నడిచి, రోడ్డు కిందకి దిగి చూడండి. పిలిస్తే పలకడు. దగ్గరికంటా వెళ్ళి చూడండి.