తిరగేసి రాసిన సమాధుల పుస్తకం

కృపమణి కర్నూలు గ్రంథాలయానికి వచ్చింది శాంతయ్య మోసానికి రుజువుగా ముద్ర వేసిన నకలు కోసం. నందికొట్కూరు దగ్గర వాళ్ల ఊరి చర్చికి ఆయన పెద్ద. సమాధుల తోట తాళం ముప్పై ఏళ్లుగా ఆయన చేతిలోనే ఉంది. అన్నేళ్లు ఒకడి చేతిలో ఉంటే బుద్ధి వంకర పోదా?

మంచాన పడ్డ తల్లి మార్తమ్మకు ఒకటే కోరిక, పోయిన భర్త దావీదురాజు పక్కనే తననూ పెట్టాలని. "ఆ జాగా మీ అమ్మకే పెట్టిండాము, రిజిస్టర్లో ఉండాది," అన్నాడు శాంతయ్య. రిజిస్టరేమో స్కానింగుకని కర్నూలు పోయింది. పోయిన వారం గ్రంథాలయం వాళ్లు ఇంటర్నెట్లో పెడితే కృపమణి ఫోన్లో చూసింది. పేజీ అడుగున, "దావీదురాజు, మూడో వరస. పక్క స్థలము". తర్వాతి పేజీ మొదట్లో, "శాంతయ్య భార్య రూతమ్మకు ఉంచడమైనది."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఆదివారం సంఘమంతా వింటుండగా ఆయన్ను కడిగేసింది. ఆయన తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. తప్పు లేనివాడు అంత నెమ్మదిగా పోతాడా?

గ్రంథాలయంలో డిజిటల్ పుస్తకాల పని చూసే మధులత ఆ పేజీలు తెరిచి, నకలు తీయకుండా ముందుకీ వెనక్కీ తిప్పింది. ఈమె కూడా ఆయన మనిషేనేమో అనిపించింది కృపమణికి.

"అక్కా, ఈ పేజీలో తొంభై నాలుగు, తర్వాతి దాంట్లో తొంభై మూడు. ఏండ్లు వెనక్కి పోతాండాయి చూడు."

"అయితే?"

"మీవాళ్లు కాగితం మిగిల్చేదానికి ముందు నుంచి బాప్తిస్మాలు, పుస్తకం తిరగేసి వెనక నుంచి సమాధులు రాసినారు. స్కాన్ చేసినోళ్లు తలకిందులున్న పేజీలను నిలబెట్టినారు గానీ, ఏ పేజీ తర్వాత ఏదని చెప్పే మెటాడేటాలో వరస మార్చలేదు. రూతమ్మకని నువ్వు చదివింది అంతకు ముందే పోయిన శాంతయ్య వాళ్లమ్మ సమాధి రాతలో మిగతా సగం."

ఆమె వరస సరిచేసింది. "పక్క స్థలము" తర్వాత పేజీ ఈసారి వేరేది వచ్చింది. "భార్య మార్తమ్మకు ఉంచడమైనది." కింద శాంతయ్య సంతకం.

కృపమణి వరండాలోకి వచ్చి ఆయనకు ఫోన్ చేసింది.

"ఏమ్మా, అమ్మ పోయిందా?" అన్నాడు ఆయన కంగారుగా. "మీ నాయన గుంత మీద రాయి లేదు, ఆ జాగా నాకొక్కనికే గుర్తు. చూపించేదానికి నన్ను లోపలికి రానిస్తారా?"