వానక్క క్యాసెట్

కుళ్ళాయప్ప గోనెసంచి తెచ్చి కౌంటరు మీద దించినాడు. లోపల క్యాసెట్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని గలగలమన్నాయి.

"ఇవన్నీ చెరిపేసి సినిమా పాటలు ఎక్కించుకో తిప్పన్నా. ఖాళీ క్యాసెట్లు తెప్పించుకున్న్యాననుకో."

తిప్పయ్య సంచి మూతి విప్పినాడు. నూటా ఎనభైకి తక్కువుండవు. అన్నిటికీ ఒకటే నీలంరంగు జిరాక్సు అట్ట. 'వానక్క, కుళ్ళాయప్ప పాటలు, మూడో భాగం' అని ఎవరిదో చేతిరాత. దేంట్లోనూ చక్రం ఒక్క చుట్టు తిరిగిన జాడ లేదు.

యాడికి ఊర్లో బస్టాండు పక్క సందులో తిప్పయ్యది పాటలు ఎక్కించే అంగడి. జనం కాగితమ్ముక్క మీద పాటల లిస్టు రాసిస్తే టేపులో ఎక్కించి సాయంత్రానికి చేతిలో పెడతాడు. పాత క్యాసెట్టు తెచ్చి దీని మీదే కొట్టమనే వాళ్ళే ఎక్కువ. అట్లా పదేండ్లలో ఎన్ని గొంతులు చెరిపినాడో ఆయనకే తెలీదు. ఒక్కనాడూ చెయ్యి తడబడలేదు. ఈ సంచి చూస్తే మాత్రం చెయ్యి ముందుకు పోలేదు.

ఈ గొంతును పట్టుకున్నది తానే కదా మరి. నాలుగేండ్ల కింద చుట్టాల పెండ్లికని రాయదుర్గం పోయినప్పుడు, జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్ ముందర టీ కొట్టు టేపులో విన్నాడు. వెనకాల తబలా లేదు, హార్మోనియం లేదు. కుట్టుమిషన్ టకటకా ఒకటే తాళం. దాని మీద ఒక మగగొంతు, కల్లంలో కాయలు తూర్పార పడుతున్నట్టు, పొల్లు పక్కకు పోయి గింజ మాత్రం చెవిలో పడేటట్టు పాడతాంది. ఎవరిదప్పా అంటే టీ కొట్టాయన యూనిట్ వైపు గడ్డం చూపించినాడు. "ఆడ జిప్పులు కుట్టే కుళ్ళాయప్ప. క్యాసెట్టు సొంతంగా చేపించుకున్న్యాడు. ఎవురూ కొనరు. కావాలంటే తీసకపో."

తిప్పయ్య పెండ్లి భోజనం వదులుకుని ఆ మనిషి కోసం గేటు దగ్గర నిలబడినాడు. బయటికొచ్చిన కుళ్ళాయప్పది తీరా చూస్తే యాడికికి నాలుగు మైళ్ళ పల్లె. "మా ఊరోల్లు ఇంటి ముందరికొచ్చి ఇనలేదు. నువ్వు ఈడిదాకా వస్తివే" అని నవ్వినాడు. పెరటి చెట్టు మందుకు పనికి రాదని ఊరికే అన్నారా.

అది మొదటి క్యాసెట్టు. రెండోది 'ఎర్రనేల', తిప్పయ్య అంగట్లోనే నలభై దాకా పోయినాయి. మూడోదానికి కుళ్ళాయప్ప ఒక ఏడాది జిప్పులు కుట్టిన కూలంతా పెట్టినాడు. ఆ ఏడాదే వాన మొగం చాటేసింది. అంతకు ముందేడూ అంతే. శెనక్కాయ వేసినోడు విత్తనం కూడా తిరిగి చూడలేదు. పాటలు ఎవరికి కావాల?

"నాలుగోది ఎప్పుడు?" అన్నాడు తిప్పయ్య, సంచిని పక్కకు జరిపి.

"నాలుగోదా? దీంట్లో ఉండాది." కుళ్ళాయప్ప నుదురు తట్టుకున్నాడు. "నాకు రాత రాదు కదన్నా. పాడితే ఉన్నట్టు, పాడకపోతే లేనట్టు. అన్నీ నవ్వే పాటలే ఈ తూరి. పాడి ఎవురికియ్యాల? బెంగళూరు పోతాండా, కాంక్రీటు పనికి. ఆడ పొద్దంతా సిమెంటు దుమ్ము. గొంతు ఎన్నాళ్ళుంటాదో."

"ఒక నెల ఆగు. ఇవి జనాల్లోకి పంపిస్తా. ఇవి పోతే నాలుగోది నా అంగట్లోనే పాడతావు. ఏమంటావు?"

"పోకపోతే?"

"పోకపోతే నా చేతుల్తోనే చెరిపేస్తా."

కుళ్ళాయప్ప ఒప్పుకున్నాడు. మాట ఇచ్చినాక తిప్పయ్యకు భయం పట్టుకుంది. మనిషి బెంగళూరు బండెక్కితే ఆ నవ్వే పాటలు పుట్టక ముందే పోతాయి. అవి ఉన్నట్టు కూడా లోకంలో తనకొక్కడికి తప్ప ఇంకొకడికి తెలీదు.

మొదట తన లాంటి పాటల పిచ్చోళ్ళనే పట్టుకున్నాడు. తాడిపత్రి ప్రైవేటు బస్సు డ్రైవరు నరసింహప్ప ఉన్నాడు. బస్సుకు బ్రేకులు లేకపోయినా ఓర్చుకుంటాడు గానీ టేపు లేకపోతే స్టీరింగు పట్టుకోడు.

"మొదటి పాట ఇనొద్దు నరసింహప్పా" అని తిప్పయ్య క్యాసెట్టు చేతిలో పెట్టి బతిమాలినాడు. "అది మామూలు పాట. రెండోది, వానక్క పాట, దాన్నుంచి మొదలుపెట్టు. మూడో చరణం కాడ ఒక్కసారి ఊపిరి పీల్చుకుంటాడు. ఆ సప్పుడు కూడా ఇను."

"ఊపిరి పీల్చేది కూడా ఇనాల్నా? మా ఆవిడ గురక పెడితేనే ఇనలేకపోతాండా."

అయినా వేసినాడు. వానక్క పాట ఎట్లుంటుందంటే, వానను ఇంటి ఆడబిడ్డను చేసి తిట్టే పాట అది.

*నిన్ను సముద్రం పక్కనూరికిస్తిమి వానక్కా*
*మొగునింటి కాడ సల్లంగుండావా వానక్కా*
*పుట్టినింటి గడప బీటలిచ్చిందని*
*నీకెవురూ సెప్పలేదా వానక్కా*

కుళ్ళాయప్ప లెక్కలో అది ఎగతాళి. పుట్టింటిని మరిచిన అక్కను తమ్ముడు దెప్పిపొడిచేది. బస్సులో జనానికి అట్లా వినపడలేదు. మూటలు కట్టుకుని వలస పోతున్న ముసలాయన ఒకడు లేచి, "విత్తనమేసేకి వాన మోడం రాక ఊరిడిసి పోతాంటే శోకాలు పెడతావేమప్పా, ఆపుతావా దిగమంటావా" అన్నాడు. నరసింహప్ప క్యాసెట్టు తీసి తెచ్చి ఇచ్చేసినాడు. "నాకు నచ్చింది తిప్పన్నా. అబద్ధమెందుకు. నా బస్సుకు నచ్చలేదు."

బడి టీచరు వనజాక్షి పాత పాటలు ఏరి ఏరి ఎక్కించుకునే మనిషి. ఆమెకు మూడు క్యాసెట్లూ వరసగా ఇచ్చి, ఏది ముందు ఏది వెనక వినాలో కాగితం మీద రాసిచ్చినాడు. వారానికి మూడూ పట్టుకుని ఆమే వచ్చింది.

"రెండోది బాగుంది తిప్పయ్యా. అది నేను పెట్టుకుంటా. మూడోది వినలేకపోయినా. గొంతు బాగలేక కాదు, బాగుండబట్టే. ఇంట్లో పెట్టుకుంటే భయమేస్తుంది."

"మేడం, అది నవ్వుతా పాడిన పాట."

"పాడినాయనకు నవ్వేమో. వినేవాళ్ళు ఏ కాలంలో వింటున్నారో చూడద్దా?"

అంగడికొచ్చిన ప్రతివాడికీ చెప్పినాడు. లిస్టులో పన్నెండు పాటలు రాసిస్తే పదమూడోదిగా వానక్క ఎక్కించి పంపినాడు. తెల్లారి వచ్చి, అడగని పాట ఎందుకు కొట్టినావని పోట్లాడి మళ్ళీ చెరిపించుకున్నారు. నెలలో పన్నెండు దినాలు అయిపోయినాయి. సంచి అట్లే ఉంది. తిప్పయ్యకు అన్నం సహించడం లేదు. ఆయన పెండ్లాం భద్రమ్మ, "ఎవురో పాడితే నువ్వేంటికి ఎండిపోతాండావు" అని అడిగింది.

అప్పుడొచ్చినాడు మైకుసెట్టు మారెప్ప, సైకిలు స్టాండు కూడా వెయ్యకుండా.

"తత్వాల క్యాసెట్టు టేపులో సుట్టుకోని తెగిపాయ తిప్పన్నా. పైవీధి బయమ్మ కొడుకు పోయినాడు, పురుగుల మందు తాగి. శవం వాకిట్లో ఉండాది. ఏదన్నా ఒకటి ఇయ్యి బిరిక్కిన."

అరలో తత్వాల క్యాసెట్లు రెండు కండ్లకెదురుగానే ఉన్నాయి. తిప్పయ్య చెయ్యి అటుపోయి ఆగింది. బస్సులో జనం లేచినారు. అంగట్లో జనం తిరగబడినారు. చావింట్లో మాత్రం ఎవరూ లేచి పోలేరు. శవం లేచేదాకా కూర్చోవాల్సిందే, వినాల్సిందే. యాభై మంది, రెండు సైడులూ, మొదటినుంచి కడదాకా. ఆ బుద్ధి పుట్టినందుకు తనను తాను తిట్టుకుంటూనే ఆయన చెయ్యి సంచిలోకి పోయింది.

తర్వాత అంగడి మూసి తానూ పోయినాడు. వేపకొమ్మకు కట్టిన మైకులోంచి వానక్క పాట వీధంతా వినొస్తాంది. బయమ్మ గోడకానుకుని కూర్చుంది. కొడుకు పోయిన నిన్నటినుంచి ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదంట. రాయి మాదిరి ఉందని ఆడోళ్ళు భయపడతాన్నారు. మూడో చరణం కాడ కుళ్ళాయప్ప ఊపిరి పీల్చుకున్నాడు. ఆ సప్పుడుకు బయమ్మ తలెత్తింది. తరువాత నోరు తెరిచి అరిచిన అరుపుకు మైకు కూడా వినపడకుండా పోయింది. చుట్టూ ఉన్నోళ్ళు ఒక్కసారిగా గొల్లుమన్నారు. మగోళ్ళు కూడా.

అయిపోతే మారెప్పను మళ్ళీ వెయ్యమన్నారు. మళ్ళీ మళ్ళీ వేపించుకున్నారు.

మూడో దినమే పక్కపల్లెలో ఒకడు పోయినాడు. వాళ్ళు అడిగి మరీ వానక్క వేపించినారు. ఆ పాట లేకపోతే పోయినోనికి ఏడ్చినట్టు కాదన్న మాట పుట్టింది. ఎక్కడ పుట్టిందో ఎవరికీ తెలీదు. తాడిపత్రి, గుత్తి, పామిడి మైకుసెట్టోళ్ళు బస్సెక్కి వచ్చి తలా పది పట్టుకపోయినారు. ఆ ఏడు వాళ్ళకు చేతినిండా పని. సంచి అడుగు కనపడింది.

తిప్పయ్యకు సంతోషంగా ఉంది. ఆ సంతోషం ఎట్లాంటిదో తెలిసినా లోపలికి తోసేసుకున్నాడు. ఎట్లా విన్నారన్నది కాదు, విన్నారు కదా. ఇప్పుడు మనిషి బెంగళూరు పోడు. నాలుగోది పుడుతుంది.

నెల నిండిన దినం కుళ్ళాయప్ప వచ్చినాడు. నెత్తిన తువ్వాల మొగం మీదికి లాక్కుని, బస్టాండు వైపు నుంచి కాకుండా వెనక సందులో నుంచి.

"సంచి ఖాళీ కుళ్ళాయప్పా" అన్నాడు తిప్పయ్య. "ఒక్కటి లేదు. నేను పెట్టుకున్నది తప్ప."

"తెలుసు."

కుళ్ళాయప్ప స్టూలు మీద కూర్చున్నాడు.

"మా చెల్లెలికి కానుపు దినాలు" అన్నాడు. "చూసొద్దామని పోయినా. వాళ్ళత్త వాకిట్లోనే చెంబుతో నీళ్ళిచ్చి, లోపలికి రావద్దు నాయనా, ఏమనుకోవద్దు, అనింది. నేను అలవాటు కొద్దీ ఏదో కూనిరాగం తీసినా. ఆయమ్మ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. ఊర్లో పిలకాయలు నన్ను చూస్తే పరిగెత్తి పోతాండారు. సావు కుళ్ళాయప్ప అంట నా పేరు. యాడికి పోయినా ఎవురింట్లో ఏమైతాదోనని తలుపులేసుకుంటాండారు."

తిప్పయ్య కౌంటరు మీద గుడ్డతో తుడిచిన చోటే తుడిచినాడు.

"మొదట యా చావింటికిస్తివి తిప్పన్నా?"

"బయమ్మ ఇంటికి."

"తత్వాల క్యాసెట్లు లేవా?"

"ఉన్నాయి."

కుళ్ళాయప్ప తలూపినాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది తిప్పయ్యకు. "ఎవురూ ఇనకపోతే నేను జిప్పులు కుట్టేవాణ్ణి, పాడేవాణ్ణి. చెరిపేసింటే బాగుండు కదన్నా."

"నవ్వే పాటలున్నాయంటివే" అన్నాడు తిప్పయ్య. "అవి ఇంటే జనం మారతారు. అట్లాంటోడు కాదు ఈయప్ప అని తెలుస్తాది. ఒక్కసారి పాడు. ఒకటే పాట. నేను పట్టుకుంటా. నాది తప్పే. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటా."

"కాళ్ళెందుకులే. మూడు గంటలకు నా బస్సు."

అన్నాడే గానీ లేవలేదు. తిప్పయ్య అదే సందనుకుని షట్టరు దించినాడు. మిట్టమధ్యాహ్నం, రేకుల కింద లోపల పొయ్యి మాదిరి ఉంది. ఫ్యాను సప్పుడు పాటలో పడుతుందని దాన్నీ ఆపేసినాడు. కొత్త క్యాసెట్టు పెట్టి, మైకు కుళ్ళాయప్ప ముందర నిలబెట్టి, ఎర్ర మీట నొక్కినాడు.

కుళ్ళాయప్ప కౌంటరు చెక్కను వేళ్ళతో తట్టుకుంటూ అందుకున్నాడు.

*బోరుబండి వచ్చె, బోరుబండి వచ్చె*
*నూరడుగులకు దుమ్ము వచ్చె*
*ఇన్నూరడుగులకు సున్నము వచ్చె*
*మున్నూరడుగులకు మాయత్తకు నవ్వు వచ్చె*

తిప్పయ్యకు నవ్వొచ్చింది. సప్పుడు కాకుండా నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని, కండ్లలో నీళ్ళు తిరిగేదాకా నవ్వినాడు. అది చూసి కుళ్ళాయప్ప మొగం కూడా విప్పారింది. గొంతు కొంచెం పెంచినాడు. అల్లుడు బావిలోకి దిగి చిల్లర వెతుక్కునే చరణం ఎత్తుకున్నాడు.

షట్టరు మీద ఎవరో తట్టినారు, మెల్లిగా. పెద్ద మనిషి నిద్రపోతున్న ఇంటి తలుపు తట్టినట్టు.

కుళ్ళాయప్ప ఆపినాడు. షట్టరు కింద జానెడు సందులోంచి కాళ్ళు కనపడతాన్నాయి. ఒక జత కాదు, ఏడెనిమిది జతలు. కొందరు చెప్పులు పక్కకు విడిచినారు.

"తిప్పన్నా" అని ఒక ఆడమనిషి గొంతు, అప్పుడే తడి పట్టిన గొంతు. "పాట ఇనపడింటే వస్తిమి. ఎవురు పోయినారన్నా?"

టేపు తిరుగుతానే ఉంది. కుళ్ళాయప్ప తువ్వాల మళ్ళీ నెత్తిన వేసుకుని మొగం మీదికి లాక్కున్నాడు. ముందుకు వంగి, మైకు దగ్గరికి నోరు పెట్టి, బయటికి వినపడేటట్టు చెప్పినాడు.

"ఇంగా ఎవురూ పోలేదు లేమ్మా. మూడింటికి పోతాడు."