చేపలు, ముసలివాళ్లు, బీరు

ఎక్కడో తేడా కొడుతోంది. కంప్యూటర్ తెర మీది గ్రాఫులో ఒంటరిగా నిలబడ్డ ఆ చుక్కను చూసి ఆమె తల పట్టుకుంది.

ఏ దేశంలో ఎంత బీరు తాగుతారో చెప్పడం ఆ కంపెనీలో ఆమె పని. కొత్త ఫ్యాక్టరీ ఎక్కడ పెట్టాలో కాసేపట్లో మీటింగులో తేలిపోతుంది. తప్పు చెబితే ఉద్యోగం ఊడినట్టే.

మాంసం ఎక్కువ తినే చోట బీరూ ఎక్కువ. ముసలివాళ్లు ఎక్కువున్న చోట తక్కువ. దేశానికో చుక్క చొప్పున, ఆమె గీసిన గీత వెంట దేశాలన్నీ బుద్ధిగా నడిచాయి. ఒక్క బుల్లి దీవి దేశం మాత్రం ఎదురు తిరిగింది. ఆ ఒంటరి చుక్క అదే. తినేది చేపలు, ఉండేది ముసలివాళ్లు, తలసరి బీరులో అందరికంటే పైన!

"చేపలకీ బీరుకీ ఏదో లంకె ఉందమ్మా. ఫ్యాక్టరీ అక్కడే!" అన్నాడు మేనేజరు.

"డెబ్బై ఏళ్లవాళ్లు అంత తాగి నిలబడతారా సార్?"

"పడితే పడనీ. తాగారా లేదా?" అంటూ ఆయన మీటింగుకి వెళ్లిపోయాడు.

ఆ దీవి ఆమెకు కొత్తేం కాదు. హనీమూన్ అక్కడే. వెంటనే భర్తకు ఫోన్ చేసింది.

"ఏవండీ, ఆ దీవిలో ముసలివాళ్లు తాగడం చూశారా?"

"పాపం, వాళ్లు వలలు బాగుచేసుకుంటూ కూర్చున్నారుగా."

"మరి ఎవరు తాగారు?"

అవతల ఆయన గతుక్కుమన్నాడు. "నా గ్లాసులోది అల్లం నీళ్లని అప్పుడే చెప్పాను కదే!"

"హోటలంతా అల్లం నీళ్లేనా?"

"హోటలంతా మనలాంటివాళ్లేగా..."

ఆమె ఫోన్ పెట్టేసి పరుగెత్తింది. ఛైర్మన్ అప్పటికే మ్యాపు మీద దీవిలో గుండుసూది గుచ్చేశాడు.

"ఆగండి సార్! ఆ బీరు తాగింది అక్కడివాళ్లు కాదు."

"మరెవరు?"

"మా ఆయన."

గదంతా గొల్లున నవ్వింది. ఆమె ఊపిరి పీల్చుకుని విషయం చెప్పింది: సీసాలు ఖాళీ చేసేది ఓడ దిగిన యాత్రికులు, లెక్క పడేది వలలు కుట్టుకునే తాతల మీద. మేనేజరు ముఖం మాడిపోయింది.

"అయితే ఫ్యాక్టరీ అక్కడ పెట్టాలా, వద్దా?" అన్నాడు ఛైర్మన్.

ఆమె మనసులో లెక్క వేసింది. బీరు అమ్ముడవుతున్నది నిజమే. కానీ తాగేవాళ్లది వేరే దేశం, అక్కడి లెక్కలో ఈ బీరు పడలేదు. అంటే ఆ దేశాల లెక్కా తప్పే. అంటే బుద్ధిగా నడిచిన ఆ చుక్కలన్నీ...?

"తెలీదు సార్."

మేనేజరు కళ్లు మూసుకున్నాడు. ఛైర్మన్ మాత్రం మ్యాపు మీది సూది పీకి ఆమె చేతిలో పెట్టాడు.

"తెలిశాక నువ్వే గుచ్చు. అందాకా ఎక్కడా కట్టం."

ఉద్యోగం నిలిచింది. ఆమె సూది పట్టుకుని మ్యాపు వంక చూసింది. ఇప్పుడు ఏ దేశాన్ని చూసినా అల్లం నీళ్లే గుర్తొస్తున్నాయి.