పొయ్యి రగిలె

“చట్నీ ఇంకా కాలేదా?” అన్నాడు మాల్యాద్రి, తువ్వాలు భుజాన వేసుకుని వంటింటి గడపలో నిలబడి.

మిక్సీ ముందు నిలబడ్డ భార్య అరుణకుమారిని చూసి కాదు, మిక్సీని చూసి అన్నాడు. ఆ ఇంట్లో పనులన్నీ వాటంతటవే అవుతాయి మరి. నీళ్లు కాగుతాయి, బట్టలు ఆరుతాయి, టిఫిను బాక్సు సర్దుకుంటుంది. కానప్పుడు మాత్రం ఆ తప్పు అరుణది. “నా మాత్రలు ఇంకా రాలేదేందమ్మాయ్” అంటుంది అత్త కోటమ్మ మంచం మీది నుంచే, మాత్రలకు కాళ్లున్నట్టు. పెళ్లయిన కొత్తలో ఈ మాటలకు అరుణకు లోలోపల నవ్వొచ్చేది. ఎమ్మే తెలుగు చదివిన మనిషి, ఎవరేమన్నా అందులో వ్యాకరణం వెతికే పాడు అలవాటు. ఆ నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో ఆమెకే గుర్తులేదు. ఆ రోజూ చట్నీ అయింది. ఆమె నిలబడే రెండు ఇడ్లీలు మింగి, మార్కాపురంలో బస్సెక్కింది.

తర్లుపాడు దాటాక ఒక చిన్న పల్లెలో ఆమె తెలుగు చెప్పే హైస్కూలు. గొర్రెలు కాసుకునే ఇళ్ల పిల్లలు, కందిచేలు నమ్ముకున్న ఇళ్ల పిల్లలు. ఆమె వచ్చిన కొత్తలో పద్యమంటే వాళ్లకు హడలు. గైడులో తాత్పర్యం బట్టీపట్టి అప్పజెప్పేవాళ్లు గానీ, ఏ మాటకు ఏ అర్థమో అడిగితే దిక్కులు చూసేవాళ్లు. అరుణ గైడులు మూయించింది. “తాత్పర్యం సంగతి తర్వాత. ముందు క్రియను పట్టుకోండి. అది వాక్యం చివర్లోనే ఉండాలని లేదు, పద్యంలో ఎక్కడైనా దాక్కోవచ్చు. దొరికిందా? ఇప్పుడు దాన్ని ‘ఎవరు? ఏది?’ అని అడగండి, కర్త బయటికొస్తుంది. ‘దేన్ని?’ అని అడగండి, కర్మ వస్తుంది. మిగిలిన మాటల్ని ఎవరి పక్కన వాళ్లను కూచోబెట్టండి. అప్పుడు పద్యమే మీతో మాట్లాడుతుంది” అనేది. పిల్లలు దానికి ‘ఎవరాట’ అని పేరు పెట్టుకున్నారు. గొర్రెల వెనకపడి సగం రోజులు బడి ఎగ్గొట్టే పిల్లలు కూడా ఆ పీరియడుకు పరిగెత్తుకొచ్చేవాళ్లు. ఆ నలభై నిమిషాలూ అరుణకు తను బతికే ఉన్నట్టుండేది.

ఆ ఆట సంగతి పైదాకా పోయింది. గిద్దలూరులో తెలుగు టీచర్లకు శిక్షణ పెడుతున్నారు. “మీ పద్ధతి మీరే వచ్చి చెప్పాలంట మేడమ్. రెండు రాత్రులు అక్కడే ఉండాలి” అన్నాడు హెడ్మాస్టర్ నిత్యానందం. తిరుగు బస్సులో అరుణ కిటికీకి తల ఆనించి, పెదవులు కదిపీ కదపకుండా, ఎక్కడ మొదలుపెట్టాలో ఏ పద్యం తీసుకోవాలో అనుకుంటూనే ఉంది. ఇది నేను చేశాను అని నలుగురి ముందు నిలబడి చెప్పుకోవాలి. జీవితంలో ఇంకేదీ అంత గట్టిగా కోరుకోలేదు ఆమె.

అన్నాలప్పుడు చెప్పింది. మాల్యాద్రి కోప్పడలేదు. ఆయన ఎప్పుడూ కోప్పడడు.

“పోయి రా. నేనేమన్నా వద్దన్నానా? మరి వండేదెవరు? అమ్మకు నీళ్లు పోసేదెవరు? నేను పొద్దన్నే దుకాణం తెరవాల గదా, ఇల్లు చూసేదెవరు?”

అరుణ గరిటెతో ఆయనకు పులుసు పోసింది. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో క్రియను పట్టుకుని ‘ఎవరు?’ అని అడిగింది అదే మొదటిసారి. ఆయనకు జవాబు తెలుసు. ఎప్పుడూ తెలుసు. తెలిసీ ఇన్నాళ్లూ అడగలేదు, ఇప్పుడు కదలకుండా కట్టేయడానికి అడిగాడు.

“బడిలో చెప్పేది చాలదా, ఊరూరికీ పోయి చెప్పాల్నా?” అంది కోటమ్మ మజ్జిగ పోసుకుంటూ.

అరుణ పోట్లాడలేదు. పోట్లాడితే మాల్యాద్రి వారం పది రోజులు మాట్లాడడు, ముసలామె కంచం ముందు నుంచి లేచిపోతుంది, చుట్టాలకు ఫోన్లు పోతాయి. అవన్నీ అనుభవమే. అవన్నీ దాటి గిద్దలూరు చేరేసరికి పద్యం చెప్పే మనిషి తనలో మిగలదని ఆమెకు తెలుసు. మర్నాడు “రాలేను సార్” అంది.

“పోనీలెండి. మీరు పాఠం చెప్తుంటే నా ఫోన్లో వీడియో తీస్తా. మన సుబ్బయ్య సారు తీసుకుపోయి చూపించి నాలుగు మాటలు చెప్తాడు” అన్నాడు నిత్యానందం. సుబ్బయ్య సోషల్ టీచరు, పద్యమంటే పిల్లల కంటే ఎక్కువ భయం. కానీ రెండు రాత్రులు ఊళ్లో లేకపోతే ఆయన్ను అడిగేవాళ్లు ఎవరూ లేరు.

పోనీ, వీడియోలోనైనా తను ఉంటుంది కదా అనుకుంది అరుణ. నిత్యానందం ఫోను పట్టుకుని తరగతిలో నిలబడ్డాక, పల్లెటూరి పొద్దును వర్ణించే పద్యం బోర్డు మీద రాసింది.

పొద్దు పొడవక ముందుగా పొయ్యి రగిలె
కడవ నిండెను ముంగిట కళలు విరిసె

మల్లిని లేపింది. ఎనిమిదో తరగతిలో చురుకైన పిల్ల. “మొదటి క్రియ?”

“రగిలె.”

“అడుగు దాన్ని.”

మల్లి చాక్‌పీసు తీసుకుంది. ‘కర్త’ అని రాసి, కాసేపు ఆలోచించి, పక్కన ‘మా అమ్మ’ అని రాసింది. తరగతి గొల్లుమంది.

“పొయ్యి గదా!” అని వెనకనుంచి ఎవరో అరిచారు.

మల్లి వెనక్కి తిరిగింది. “పొయ్యి తానే ఎట్ల రగులుతాది మేడమ్? మా అమ్మ ఊదితేనే గదా. గ్యాసున్నా నీళ్లకు కట్టెలే మాకు. ఊదీ ఊదీ మా అమ్మకు కండ్లు కనపడకుండా పోయినాయి.”

ఆ పద్యానికి ఇంతకంటే మంచి జవాబు లేదు. దాన్ని గిద్దలూరులో అందరూ వినాలి. ఆ మాట అనడానికే అరుణ నోరు తెరిచింది.

“మేడమ్” అన్నాడు నిత్యానందం ఫోను దించి, “తప్పు జవాబుతో పైకి పంపితే బాగుండదు. సరిచేయించండి. లేకుంటే వేరే స్కూలు వీడియో పెట్టుకుంటారు వాళ్లు.”

తప్పే. రగిలింది ఏది అంటే పొయ్యి. ఆ లెక్క నేర్పింది తనే. ఈ వీడియో కూడా పోతే ఇక తనకంటూ ఏమీ ఉండదు. ఆ భయం ముందు అనబోయిన మాట చచ్చిపోయింది.

“తప్పు మల్లీ. పద్యంలో లేని మనిషిని తేకూడదు. తుడిచేయి.”

ఆ పిల్ల ఒక్కసారి ఆమె ముఖంలోకి చూసింది. డస్టర్ తీసుకుని తుడిచి, ‘పొయ్యి’ అని రాసింది. “ఆఁ, ఇప్పుడు బ్రహ్మాండంగా వచ్చింది” అన్నాడు నిత్యానందం. పిల్లలు చప్పట్లు కొట్టారు.

అమ్మను తుడిచింది మల్లి. తుడిపించింది అరుణకుమారి.